చుక్కలు కలిశాయి గానీ బండి లాగదు: పాత బుల్లెట్‌లో క్యామ్ టైమింగ్

సాలూరు దాటి కొరాపుట్ వైపు సుంకి ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు పాత బుల్లెట్ గుట్టు బయటపడుతుంది. పల్లంలో టాప్ గేరులో డగడగమంటూ వచ్చిన బండి, ఎత్తు మొదలవగానే మూడుకు, మలుపు తిరగగానే రెండుకు దిగుతుంది. రెండులోనూ ఎక్సలేటర్ ఎంత తిప్పినా చప్పుడు పెరుగుతుందే తప్ప లాగుడు పెరగదు. అలాంటి బండి కొరాపుట్‌లోనో, జయపురంలోనో, రాయగడలోనో షెడ్డుకు చేరితే ముందు కార్బరేటర్ విప్పుతారు. తర్వాత ప్లగ్‌లో నిప్పు ఎప్పుడు పడాలో నిర్ణయించే పాయింట్లు చూస్తారు. ఆ తర్వాత బోరు అయిపోయిందంటారు. క్యామ్ టైమింగ్ దాకా, అంటే వాల్వులను తెరిచి మూసే క్యామ్‌లు పిస్టన్ కదలికతో సరిగ్గా కుదిరాయా అన్నదాని దాకా, ఎవరూ రారు. "గేర్ల మీది చుక్కలు కలిపే కట్టాం కదా" అన్న ధీమాతో ఆ సంగతి అక్కడితో ముగిసిపోతుంది.

ఈ ధీమాకు ఒక కారణం ఉంది. ఈ జిల్లాల్లో చేతులు తిరిగిన పాత మెకానిక్కులు చాలామంది రాజ్‌దూత్, యెజ్డీ, ఆర్‌ఎక్స్ 100 మీద పని నేర్చుకున్నవాళ్లు. అవన్నీ టూ స్ట్రోక్ బళ్లు. వాటిలో క్యామ్‌తో తెరుచుకునే వాల్వులు లేవు. గాలి ఎప్పుడు లోపలికి రావాలో, పొగ ఎప్పుడు బయటికి పోవాలో చాలామట్టుకు సిలిండర్‌కు కోసిన కిటికీలే నిర్ణయిస్తాయి. పిస్టన్ వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. అక్కడ టైమింగ్ అంటే నిప్పు టైమింగ్ ఒక్కటే. బుల్లెట్‌కు వచ్చేసరికి అది రెండు వేరువేరు పనులవుతుంది. నిప్పు ఎప్పుడు పడాలన్నది ఒకటి, వాల్వులు ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు మూయాలన్నది ఇంకొకటి. రెండూ ఒకే గేర్ల వరుస నుంచి నడుస్తాయి కాబట్టి ఒకదాని తప్పు రెండోదాని మీద పడుతుంది.

ఇనుప సిలిండర్ 350 బుల్లెట్ బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 70 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., మొత్తం 346 సీసీ. కుడివైపు టైమింగ్ కవర్ తీస్తే క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర చిన్న పినియన్ (పళ్లచక్రం), దాని పైన గాలి వచ్చే ఇన్లెట్ వాల్వుకు ఒక క్యామ్, పొగ పోయే ఎగ్జాస్ట్ వాల్వుకు ఒక క్యామ్ కనిపిస్తాయి. రెండూ కేసులో బిగించిన స్పిండిళ్ల మీద తిరుగుతాయి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది. పినియన్ మీదా, క్యామ్ గేర్ల మీదా పంచ్ కొట్టిన గుర్తులుంటాయి. కంపెనీలో ఒకే రోజు తయారైన ముక్కలు ఒకే ఇంజన్‌లో ఉన్నంతకాలం ఆ గుర్తులను నమ్మవచ్చు. చిక్కేమిటంటే, ఇప్పుడు దొరికే పాత బండి చాలాసార్లు అలాంటిది కాదు. కేసు ఒక ఏడాదిది, క్రాంక్ ఇంకో బండిది, క్యామ్‌లు విజయనగరం నుంచో బరంపురం నుంచో తెచ్చిన విడి సామాను. చుక్క అంటే ఎవరో సుత్తితో కొట్టిన గుర్తు. కొట్టేటప్పుడు ఒక పన్ను అటో ఇటో పడితే గేరుకేమీ తెలియదు.

ఒక పన్ను తప్పితే ఎంత తేడా వస్తుందో లెక్క కట్టడం తేలికే. క్యామ్ గేరు పళ్లు లెక్కపెట్టి 720ని ఆ సంఖ్యతో భాగిస్తే ఒక పన్నుకు క్రాంక్ ఎన్ని డిగ్రీలు తప్పుతుందో వస్తుంది. 40 పళ్లుంటే 18 డిగ్రీలు, 48 ఉంటే 15. పదిహేను డిగ్రీల తప్పుతోనూ బండి స్టార్టవుతుంది, ఊళ్లో తిరుగుతుంది. అందుకే ఆ తప్పు ఏళ్ల తరబడి దాక్కుంటుంది.

ఇన్లెట్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటే, పిస్టన్ పైకి రావడం మొదలయ్యాక కూడా లోపలికి వచ్చిన గాలి, పెట్రోలు కొంత వెనక్కి కార్బరేటర్‌లోకి పోతాయి. ఎయిర్ ఫిల్టర్ తీసి చూస్తే కార్బరేటర్ నోటి దగ్గర పెట్రోలు తుంపర, ఫిల్టర్ లోపల తడి కనిపిస్తాయి. కిక్కు తేలిగ్గా దిగిపోతుంది, తక్కువ వేగంలో పట్టు ఉండదు. ఘాటులో బయటపడేది ఎక్కువగా ఇదే. ఇన్లెట్ మరీ ముందైతే దీనికి ఎదురు: కింద పట్టు బాగుంటుంది, వేగం పెరిగే కొద్దీ ఊపిరి చాలదు, వాల్వు తల పిస్టన్‌కు దగ్గరవుతుంది. ఎగ్జాస్ట్ ముందుగా తెరుచుకుంటే మండుతున్న వాయువు పని పూర్తి చెయ్యకుండానే సైలెన్సర్ దారి పడుతుంది, పైపు మొదలు నీలం రంగు తిరుగుతుంది. అయితే నిప్పు ఆలస్యంగా పడినా పైపు నీలమవుతుంది. కాబట్టి పైపు రంగు చూసి క్యామ్ విప్పకూడదు.

ఎత్తు సంగతి కూడా మరవకూడదు. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గాలి పల్లం గాలికన్నా దాదాపు 8 శాతం పలచన. ఆ మేరకు ప్రతి ఇంజనూ నీరసంగానే ఉంటుంది, కంప్రెషన్ గేజ్ కూడా కొంత తక్కువే చూపిస్తుంది. పార్వతీపురంలో తీసిన రీడింగును కొరాపుట్ రీడింగుతో పోల్చి ఇంజన్ పాడైందనుకోవడం పొరపాటు.

విప్పకముందే చేయదగిన పరీక్ష ఒకటుంది, దానికి అయిదు నిమిషాలు చాలు. ప్లగ్ తీసి, బండిని సెంటర్ స్టాండ్ మీద ఉంచి, టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని ముందుకు తిప్పాలి. కుడివైపు టాపెట్ డోర్ తీస్తే, క్యామ్ కదలికను పైనున్న వాల్వులకు చేరవేసే రెండు పుష్‌రాడ్ల అడుగుభాగం కనిపిస్తుంది. టాపెట్ సెట్టింగు (పుష్‌రాడ్ల సందు) ముందు సరిచేసుకోవాలి. చల్లటి ఇంజన్‌లో, కంప్రెషన్ టాప్‌లో (రెండు వాల్వులూ మూసి, పిస్టన్ పైకొసకు చేరిన చోట), పుష్‌రాడ్ వేళ్లతో తిప్పితే తిరగాలి, కిందికీ పైకీ మాత్రం ఆడకూడదు. ఆ తర్వాత చక్రాన్ని క్రాంక్ సరిగ్గా ఒక చుట్టు తిరిగేలా తిప్పితే ఎగ్జాస్ట్ ముగిసి ఇన్లెట్ మొదలయ్యే టాప్ వస్తుంది. అక్కడ రెండు వాల్వులూ కొంచెం కొంచెం తెరుచుకుని ఉండాలి, అంటే రెండు పుష్‌రాడ్లూ బిగిసి ఉండాలి. వాటిలో ఒకటి వేళ్లకు తేలిగ్గా తిరుగుతుంటే ఎక్కడో పన్ను తప్పిందని అనుమానించాలి. రెండూ బిగిసి ఉంటే మరీ పెద్ద తప్పు లేదని మాత్రమే అర్థం. నాలుగైదు డిగ్రీల తేడానే కాదు, ఒక్కోసారి ఒక పన్ను తేడా కూడా ఈ పరీక్షకు దొరకదు.

దాన్ని పట్టుకోవాలంటే క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే డిగ్రీ చక్రం కావాలి. కొనక్కర్లేదు. 360 డిగ్రీల బొమ్మను కాగితం మీద ప్రింటు తీసి, 200 మి.మీ. వెడల్పు అల్యూమినియం రేకుకో గట్టి ప్లాస్టిక్ మూతకో అంటిస్తే సరిపోతుంది. ఆ వెడల్పులో అంచున ఒక డిగ్రీకి దాదాపు 1.75 మి.మీ. చోటుంటుంది, కాబట్టి అర డిగ్రీ కూడా కంటికి ఆనుతుంది. జామెట్రీ బాక్సులో వచ్చే ప్రొట్రాక్టర్ ఈ పనికి చాలదు. చక్రం మధ్య రంధ్రం సరిగ్గా మధ్యలోనే ఉండాలి. అది రెండు మి.మీ. పక్కకు పోయినా ఒక వైపు రీడింగు ఎక్కువ, రెండో వైపు తక్కువ వచ్చి మనిషిని తిప్పలు పెడుతుంది.

చక్రం బిగించేది ఎడమవైపు. ఎడమ ఫుట్‌రెస్ట్ తీసి, ప్రైమరీ కవర్ మధ్యనున్న ఒక్క నట్టు విప్పితే కవర్ మొత్తం ఊడి వస్తుంది. కింద ముందే ఒక ట్రే పెట్టుకోవాలి, లేకపోతే ఆయిలంతా నేల మీదే. 12 వోల్టుల బండికి స్టాటర్ (కరెంటు పుట్టించే తీగచుట్లు) జాగ్రత్తగా పక్కకు తీసి, రోటర్ (క్రాంక్ చివర తిరిగే అయస్కాంతం) నట్టు మీద చక్రం బిగించాలి. సూచీకి వెల్డింగ్ రాడ్ ముక్క చాలు. దాని మీది మందు రాలగొట్టి, కొన పదును చేసి, స్టాటర్ స్టడ్డుకు నట్టుతో కట్టి చక్రం అంచు మీదికి వంచాలి. ఇంజన్ ముందుకు తిరిగే దిశ ఎడమవైపు నుంచి చూస్తే గడియారానికి ఎదురుగా ఉంటుంది. అనుమానముంటే టాప్ గేరులో వెనక చక్రం ముందుకు తిప్పి చూసుకోవాలి. దిశ తప్పుగా రాసుకుంటే మిగతా లెక్కంతా తిరగబడుతుంది.

ఇక టాప్ కనుక్కోవడం. ఎక్కువ పనులు పాడయ్యేది ఇక్కడే. ప్లగ్ రంధ్రంలో స్క్రూడ్రైవరో, సైకిల్ చువ్వో పెట్టి "ఇదిగో, ఆగింది, ఇదే టాప్" అనేస్తారు. పిస్టన్ టాప్ దగ్గర కదలనట్టే ఉంటుంది. 90 మి.మీ. స్ట్రోకులో టాప్ నుంచి 5 డిగ్రీలు తిప్పితే అది దిగేది పావు మిల్లీమీటరు కూడా కాదు. దాన్ని చేత్తో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పైగా ప్లగ్ రంధ్రం వాలుగా ఉంటుంది, పెట్టిన చువ్వ నిటారుగా నిలవదు. అందుకే పిస్టన్‌ను టాప్ దాకా వెళ్లనివ్వకుండా రెండు వైపులా ఆపి మధ్య బిందువు తీసుకోవాలి.

ఆపే సాధనం ఇలా తయారవుతుంది. పాత 14 మి.మీ. ప్లగ్ పింగాణీ పగలగొట్టి ఖాళీ చేసి, ఆ ఇనుప తొడుగుకు నట్టు వెల్డింగ్ చేయించి, అందులోంచి గుండ్రటి మొన ఉన్న 8 మి.మీ. బోల్టు ఎక్కించాలి. ఏ లేత్ షాపులోనైనా అరగంట పని. ఇంజన్ కంప్రెషన్ టాప్‌కు ముందుండగా దాన్ని ప్లగ్ రంధ్రంలో బిగించాలి. ఎగ్జాస్ట్ టాప్ దగ్గర పెడితే తెరుచుకున్న వాల్వు బోల్టుకు తగిలే ప్రమాదముంది. ఇప్పుడు పానతో రోటర్ నట్టు పట్టి నెమ్మదిగా ముందుకు తిప్పాలి. పిస్టన్ బోల్టుకు తగిలి ఆగుతుంది. సూచీ టాప్‌కు ముందు 44 చూపించిందనుకుందాం. వెనక్కి తిప్పితే మళ్లీ తగిలి ఆగుతుంది, ఈసారి టాప్ తర్వాత 38. రెండూ కలిపితే 82, సగం 41. అంటే సున్నా 3 డిగ్రీలు పక్కనుంది. చక్రం కదపకుండా సూచీని వంచి, రెండు వైపులా 41 వచ్చేదాకా సరిచేయాలి. ఒకసారి సరిపోయాక మళ్లీ రెండుసార్లు తిప్పి చూడాలి. ఈ సమయంలో కిక్కు ముట్టుకోకూడదు. ఒక్క తన్నుకు పిస్టన్‌కు చిల్లు పడుతుంది. సున్నా కుదిరాక బోల్టు తీసెయ్యడం మరిచిపోకూడదు.

వాల్వు కొలతకు రెండు దారులున్నాయి. డయల్ గేజ్ (సన్నటి కదలికను ముల్లుతో చూపే కొలత సాధనం) ఉంటే హెడ్ పైనున్న రాకర్ కవర్ తీసి, గేజ్ మొనను వాల్వు స్ప్రింగు టోపీ మీద, వాల్వు కాడకు సమాంతరంగా ఆనించాలి. పక్కకు వాలితే చూపించేది అబద్ధమే. సునాబెడాలో హెచ్‌ఏఎల్ ఇంజన్ ఫ్యాక్టరీ ఉన్న జిల్లాలో డయల్ గేజ్ అంత అరుదైన వస్తువేమీ కాదు, అడిగితే దొరుకుతుంది.

గేజ్ లేనప్పుడు వేళ్లే గేజ్. బండి సర్వీసు పుస్తకంలో ఇచ్చిన వాల్వు టైమింగ్ అంకెలు ఒక ప్రత్యేక సందుతో కొలిచినవి. నడిచేటప్పుడు ఉంచే సందు వేరు, కొలిచేటప్పుడు ఉంచేది వేరు. దీనికి కారణముంది. క్యామ్ వాలు మొదట్లో చాలా మెల్లగా ఎక్కుతుంది, కాబట్టి సందు లేకుండా కొలిస్తే వాల్వు ఎప్పుడు తెరుచుకుందో పది డిగ్రీల దాకా తేలదు. పుస్తకం 0.012 అంగుళం అంటే 0.30 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు)తో ఆ సందు పెట్టి లాక్‌నట్టు బిగించాలి. పుష్‌రాడ్ అడుగున అడ్జస్టర్, లాక్‌నట్టు, రాడ్ మూడింటినీ పట్టుకోవడానికి మూడు సన్నటి స్పానర్లు కావాలి. లావు స్పానర్‌తో ప్రయత్నిస్తే షట్కోణం మూలలు అరిగిపోయి తర్వాత ఏదీ పట్టదు. సందు పెట్టాక ఒకరు రోటర్ నట్టు అంగుళం అంగుళంగా ముందుకు తిప్పుతుంటే, ఇంకొకరు పుష్‌రాడ్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య అటూ ఇటూ ఆడిస్తూ ఉండాలి. తేలిగ్గా తిరుగుతున్న రాడ్ ఒక్కసారి వేలికి బరువుగా తగులుతుంది. అక్కడ ఆపాలి. అదే వాల్వు తెరుచుకునే క్షణం. మూసుకునేటప్పుడు ఎదురుగా, బిగిసిన రాడ్ వదులయ్యే క్షణం. మూడుసార్లు చేస్తే రెండు మూడు డిగ్రీల లోపు తేడాతో ఒకే అంకె వస్తుంది.

ఎప్పుడూ ముందుకు తిప్పుతూనే అంకె దగ్గరికి రావాలి. దాటిపోతే వెనక్కి చాలా దూరం తిప్పి మళ్లీ ముందుకు రావాలి. గేర్ల మధ్య ఆట ఉంటుంది. వెనక్కి తిప్పి చదివితే ఆ ఆటంతా రీడింగులో చేరిపోతుంది.

వచ్చిన అంకెలను చదవడమే ఈ పనిలో అసలు విద్య. ఉదాహరణకు పుస్తకంలో ఇన్లెట్ టాప్‌కు 30 డిగ్రీల ముందు తెరుచుకుని, బాటమ్ (పిస్టన్ అడుగుకు చేరిన చోటు) తర్వాత 60కి మూసుకోవాలని ఉందనుకుందాం. మొత్తం తెరిచి ఉండేది 30, 180, 60 కలిపి 270 డిగ్రీలు. అందులో సగం 135, దానిలోంచి 30 తీసేస్తే 105. అంటే క్యామ్ శిఖరం టాప్ తర్వాత 105 డిగ్రీల దగ్గర ఉండాలి. ఎగ్జాస్ట్ బాటమ్‌కు 75 ముందు తెరుచుకుని టాప్ తర్వాత 35కు మూసుకుంటే మొత్తం 290, శిఖరం టాప్‌కు 110 ముందు. ఎవరి బండికి ఆ బండి పుస్తకంలోని అంకెలే పెట్టుకోవాలి.

కొలిస్తే ఇన్లెట్ 15కు తెరుచుకుని 75కు మూసుకుంటోందనుకోండి. మొత్తం ఇప్పటికీ 270, శిఖరం మాత్రం 120కి జరిగింది. క్యామ్ ఆకారం బాగానే ఉంది, మొత్తంగా 15 డిగ్రీలు ఆలస్యమైంది. గేరుకు 48 పళ్లుంటే అది సరిగ్గా ఒక పన్ను. తెరుచుకోవడం 22, మూసుకోవడం 52 అయితే మొత్తం 254కు తగ్గింది, శిఖరం 105లోనే ఉంది. ఇది టైమింగ్ తప్పు కాదు. క్యామ్ అరిగిందో, క్యామ్ మీద ఆనే టాపెట్ అడుగు గుంట పడిందో, కొలిచేటప్పుడు సందు ఎక్కువ పెట్టారో. ముందు సందు మళ్లీ చూసి, ఆ తర్వాతే టాపెట్ తీయాలి. రెండు క్యామ్‌లూ ఒకే వైపు నాలుగైదు డిగ్రీలు జరిగి కనిపిస్తే క్యామ్‌ల జోలికి పోకూడదు. సున్నా తప్పయినా కావచ్చు, పినియన్‌ను క్రాంక్‌కు పట్టి ఉంచే కీ అరిగి ఆడుతున్నా కావచ్చు. ఒక్క క్యామే తప్పితే దాని గుర్తు తప్పని అనుమానించాలి. ఒక క్యామ్ గేరు రెండోదాన్ని నడిపే ఇంజన్లలో మాత్రం మొదటిదాని తప్పు రెండోదానికీ అంటుకుంటుంది.

పన్ను మార్చాలంటే టైమింగ్ కవర్ తీయాలి. ముందు కంప్రెషన్ టాప్‌లో పెట్టి టాపెట్ అడ్జస్టర్లు పూర్తిగా వదులు చేయాలి, లేకపోతే వాల్వు స్ప్రింగుల ఒత్తిడి క్యామ్‌ల మీదే ఉంటుంది. క్యామ్ లాగేముందు పాత గుర్తులకు తెల్ల పెయింటు చుక్క, ఇప్పుడున్న స్థితికి వేరే రంగు చుక్క పెట్టుకోవాలి. స్పిండిళ్ల మీద సన్నటి వాషర్లుంటే అవి గ్రీజుకు అంటుకుని గేరుతోపాటు వచ్చేస్తాయి, ఏ వైపువో చూసుకోకపోతే తర్వాత తలనొప్పే. పినియన్ దాకా పోవాల్సి వస్తే, క్రాంక్ చివర ఆయిల్ పంపును తిప్పే వర్మ్ (మెలిక గేరు)ది ఎడమ మర అని గుర్తుంచుకోవాలి. మామూలు నట్టులా తిప్పితే ఇంకా బిగుస్తుంది, ఇంకాస్త బలం పెడితే తెగుతుంది. పినియన్‌కు పుల్లర్ వాడాలి. అల్యూమినియం కేసుకు స్క్రూడ్రైవర్ ఆనించి పెళ్లగిస్తే అంచు చితికి, ఆ తర్వాత ఆ బండి జీవితాంతం ఆయిల్ కారుస్తూనే ఉంటుంది.

కొన్ని పాత ఇంజన్లకు పన్నులో భాగం మేర సరిచేసుకునే వీలుంది. ట్రయంఫ్ ట్విన్‌ల క్యామ్ గేరుకు మూడు కీ గాళ్లుంటాయి, ఒక్కోదానికి టైమింగ్ కొంచెం కొంచెం మారుతుంది. బుల్లెట్‌లో అంత సౌకర్యం లేదు. పన్ను మార్చడం, లేకపోతే సరైన క్యామ్ వెతకడం. రెండు మూడు డిగ్రీల తేడాను వదిలేయవచ్చు. దాని కోసం కీ అరగదీసి జరిపే ప్రయత్నాలు ఇంజన్‌ను మరింత పాడు చేస్తాయి.

కొత్త క్యామ్ వేసినా, పన్ను మార్చినా, మూసేముందు వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఎంత ఎడముందో చూడాలి. హెడ్ విప్పి ఉంటే పిల్లలు బొమ్మలు చేసే క్లేను పిస్టన్ మీద పల్చగా ఒత్తి, దానికి ఒక చుక్క ఆయిల్ రాసి, హెడ్ బిగించి, క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పాలి. విప్పి చూస్తే వాల్వు ముద్ర పడి ఉంటుంది. బ్లేడుతో కోసి అతి పలచని చోటు కొలవాలి. ఇన్లెట్ దగ్గర 1.5, ఎగ్జాస్ట్ దగ్గర 2 మి.మీ. కన్నా తక్కువుంటే ఆ బండిని స్టార్ట్ చేయకూడదు. ఎగ్జాస్ట్‌కు ఎక్కువ ఎందుకంటే, వేడికి దాని కాడ ఎక్కువ సాగుతుంది. పైగా పైకి వచ్చే పిస్టన్ దాన్ని తరుముకుంటూ వస్తుంది.

గేర్ల ఆట నాలుగు చోట్ల క్రాంక్ తిప్పి చూడాలి. ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగుతుగా ఉంటే క్రాంక్ కొన వంకరగా తిరుగుతోందని అర్థం. గేరు మారిస్తే అది పోదు. అంతటా బిగుతుగా ఉంటే ఇంజన్ ఈల వేస్తుంది, మరీ వదులైతే గలగలమంటుంది. టాపెట్ చప్పుడని చాలామంది తిట్టుకునేది ఈ గలగలనే.

బిగించేటప్పుడు క్యామ్ ముఖాలకు, టాపెట్ల అడుగులకు మోలీ గ్రీజు రాయాలి. మొదటి నిమిషం అక్కడికి ఆయిల్ చేరదు. టైమింగ్ కవర్‌లో బిగ్‌ఎండ్‌కు (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ను పట్టుకునే బేరింగుకు) ఆయిల్ పంపే చోట కార్కు సీల్ ఉంటుంది. కవర్ తీసిన ప్రతిసారీ దాన్ని కొత్తది వేయాలి. పది, ఇరవై రూపాయలకు కక్కుర్తిపడి పాత సీల్‌తో మూసేస్తే, ఆయిల్ దారి మధ్యలోనే కారిపోయి బిగ్‌ఎండ్ ఎండిపోతుంది. బండి స్టార్టయ్యాక రాకర్‌కు వెళ్లే ఆయిల్ పైపు బోల్టు కొంచెం వదులు చేసి ఆయిల్ వస్తోందో లేదో చూసి మళ్లీ బిగించాలి.

క్యామ్ గేర్లు కదిలితే నిప్పు టైమింగ్ కూడా మళ్లీ మొదటినుంచి పెట్టాలి. ముందు పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య సరిచేసి, ఆ తర్వాతే టైమింగ్. సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి ఈ వరుస తిరగేయకూడదు. తప్పు క్యామ్ మీద తప్పు నిప్పు పెడితే గోరుచుట్టు మీద రోకటిపోటే: కిక్కు ఎదురుతన్ని కాలి మడమ దెబ్బతింటుంది, తప్పు ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

బిగించాక క్రాంక్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి ఎక్కడా తగలలేదని చూసి, డిగ్రీ చక్రం తీయకముందే నాలుగు అంకెలూ ఇంకోసారి చదివి కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఇన్లెట్ తెరుచుకోవడం, మూసుకోవడం, ఎగ్జాస్ట్ తెరుచుకోవడం, మూసుకోవడం, వాటి పక్కన కొలిచిన సందు, తేదీ. ఆ కాగితాన్ని టూల్ బాక్సులో ప్లాస్టిక్ కవర్లో పెడితే, రేపు ఆ బండి గుణుపురంలోనో పర్లాకిమిడిలోనో ఇంకో మెకానిక్ చేతికి వెళ్లినప్పుడు అతను చుక్కలతో మొదలుపెట్టక్కర్లేదు.